పోగుల లెక్క ఎవరిది?

మా లెక్కల టీచర్ గారు పోయారన్న కబురు నాకు ఫోన్లో మెసేజ్‌గా వచ్చింది. తెనాలిలో మా బడి స్టాఫ్ రూంలో కూర్చుని ఆరో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. పాత విద్యార్థుల గ్రూపులో ఎవరో ఆవిడ ఫొటో పెట్టి, పొద్దున్నే రేపల్లెలో ప్రభువు పిలుపు అందుకున్నారని రాశారు. దాని కింద దండాల బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. నేను పెట్టలేదు. పెట్టబుద్ధి కాలేదు. ఫోన్ బోర్లించి ఇంకో రెండు పేపర్లు దిద్దాను. మూడో పేపర్ దగ్గరికొచ్చేసరికి అంకెలు అలుక్కుపోయి కనిపించాయి. పక్క సీటు టీచర్ వచ్చి ఏంటండీ అలా ఉన్నారు అని అడిగితే, కంట్లో ఏదో పడిందన్నాను.

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం మన మర్యాద. ఆవిడ గురించి నాలుగు కాదు, నలభై చెప్పగలను. కానీ ఆ నలభైతో పాటు ఒక మింగుడుపడని మాట కూడా ఉంది. అది దాచిపెట్టి మిగతావి చెబితే ఆవిడ చెప్పిన లెక్కలకే అన్యాయం చేసినదాన్నవుతాను. అందుకని రెండూ చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

నేను రేపల్లెలో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. ఏడో తరగతిలో ఆవిడ మాకు లెక్కలు చెప్పేవారు. పొట్టి మనిషి. బోర్డు పైభాగం అందక మునివేళ్ళ మీద లేచి రాసేవారు. సుద్దముక్క అరిగి గోరంతయినా పారేసేవారు కాదు, చీర కొంగు చివర ముడేసుకునేవారు. బోర్డు తుడవడానికి తడిబట్ట ఒకటి సబ్బుపెట్టెలో పెట్టుకుని ఇంటి దగ్గర్నించి తెచ్చుకునేవారు. తప్పు జవాబు చెప్పినవాళ్ళని ఏ టీచరైనా కూర్చోమంటారు. ఆవిడ మాత్రం, "కూర్చోకు. ఎక్కడ దారి తప్పావో చూద్దాం, పద," అనేవారు. తప్పు చేసినవాళ్ళతో ఆవిడ గడిపే సమయం చూసి, జవాబు తెలిసినవాళ్ళు కూడా కావాలని తప్పు చెప్పిన రోజులున్నాయి.

ఒకరోజు బోర్డు మీద నలభై రెండు, ముప్ఫై అని రాసి, వీటి గ.సా.భా. ఎంత అని అడిగారు. గ.సా.భా. అంటే గరిష్ఠ సామాన్య భాజకం. రెండు సంఖ్యల్నీ శేషం లేకుండా భాగించగలిగే అతి పెద్ద సంఖ్య. అందరూ నోట్సులో గీతలు గీసి, రెండుతో భాగించు, మూడుతో భాగించు అని కుస్తీ పడుతున్నారు. నేను ఖాళీ చేతులతో లేచి ఆరు అన్నాను. ఎలా వచ్చిందమ్మా అన్నారు. చెబితే చేపల సంగతి చెప్పాలి. అసలే హాస్టల్లో నా పెట్టె దగ్గరికొచ్చి ముక్కు మూసుకునే పిల్లలున్నారు.

మాది అడవులదీవి. మా నాయనమ్మ చేపలమ్మేది. రెండు రకాల చేపలు చేతికొస్తే వాటిని పోగులు పెట్టడం ఆమె పని. ప్రతి పోగులోనూ రెండు రకాలూ ఉండాలి. ఏ పోగు చూసినా అచ్చు ఒకేలా ఉండాలి, లేకపోతే కొనేవాళ్ళు నాకు ఇదంటే నాకు ఇదని గొడవకి దిగుతారు. ఒక్క చేప కూడా మిగలకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, వీలైనన్ని ఎక్కువ పోగులు కావాలి, పోగు చిన్నదైతేనే లేనివాళ్ళూ కొనుక్కుంటారు. నాయనమ్మకి ఎక్కాలు రావు. నలభై రెండు కానాగంతలూ ముప్ఫై గులివిందలూ ఉన్నాయనుకోండి, రెండు వరసల్లో చేపకి చేప జతగా పేర్చేది. కానాగంతలు పన్నెండు మిగిలేవి. ఆ పన్నెండుతో గులివిందల వరసని కొలిచేది. రెండు పన్నెండ్లు పోను ఆరు మిగిలేవి. ఈసారి ఆరుతో పన్నెండుని కొలిచేది. సరిగ్గా రెండుసార్లకి సరిపోయేది. అంతే, ఆరు పోగులు. పోగుకి ఏడు కానాగంతలు, ఐదు గులివిందలు. "మిగిలిందే కొలతే పిల్లా," అనేది నాతో, ఇందులో తెలియకపోవడానికి ఏముందన్నట్టు.

టీచర్ గారు నన్ను వదల్లేదు. చింతగింజలు తెప్పించి, నీకొచ్చిన దారిలోనే చూపించు అన్నారు. వరసలు పేర్చి చూపించాను. ఇది చేపల పోగులే అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు, క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. చింతగింజల ముందు గొంతుక్కూర్చుని మళ్ళీ చూపించమన్నారు. ఇంకో రెండు సంఖ్యలిచ్చి మళ్ళీ చూపించమన్నారు. గంట కొట్టినా లేవలేదు. నా జన్మలో నన్నూ, నాకు తెలిసినదాన్నీ ఒకరు అంత శ్రద్ధగా చూడటం అదే మొదటిసారి.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ బస్సెక్కి అడవులదీవి వచ్చారు. ఆరాధనకి కట్టుకున్న తెల్లచీరతోనే మా పాకముందు నేలమీద చతికిలబడ్డారు. నాయనమ్మ కంగారుపడి పీట తేబోతే వద్దన్నారు. నిజం చేపలతోనే లెక్క మొత్తం చూశారు. ఇది మీకెవరు నేర్పారు పెద్దమ్మగారూ అని అడిగితే, మా అత్త పెడతా ఉంటే చూశానండి, నేర్పేదేముందండి అంది నాయనమ్మ. టీచర్ గారు ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు, పొలుసులతో ఉన్న చేతులు.

"ఈ లెక్క మీ పేరు చెప్పి మరీ మా పిల్లలకి చెప్తానండి. మాటిస్తున్నాను," అన్నారు.

నాయనమ్మ ఆ మాటని నెల రోజులు ఊరంతా తిప్పింది. నేను శనివారం ఇంటికి వెళ్ళేసరికి ఎదురొచ్చిన ప్రతి మనిషీ, మీ నాయనమ్మ పేరు బళ్ళో చెప్తారంట కదే అని అడిగేవాళ్ళు. జీవితంలో వేలిముద్ర తప్ప ఇంకేదీ ఎక్కడా పెట్టని మనిషి. తన పేరు బోర్డు మీద ఎలా ఉంటుందో చూపించమని నన్ను అడిగి, పలక మీద రాయించుకుని, చాలాసేపు చూసుకుంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. పోగుల దగ్గర ఆగిపోయిన మమ్మల్ని బ్రాకెట్ దాకా నడిపించింది మాత్రం టీచర్ గారే. ఆరు పోగులు, పోగుకి ఏడూ ఐదూ. దాన్నే ఆవిడ బోర్డు మీద, నలభై రెండు కూడిక ముప్ఫై సమానం ఆరు ఇంటూ బ్రాకెట్లో ఏడు కూడిక ఐదు అని రాశారు. దీన్నే విభాగ న్యాయం అంటారని చెప్పారు. పుస్తకంలో ఆ పేరు చూసి భయపడినవాళ్ళం, ఇంతేనా అనుకున్నాం. జెండా పండగ రోజు మేం నలభై ముగ్గురం, మనిషికి రెండు బిస్కెట్లూ మూడు చాక్లెట్లూ. బిస్కెట్లు ఎనభై ఆరు, చాక్లెట్లు నూట ఇరవై తొమ్మిది అని విడివిడిగా లెక్క వేస్తున్న అమ్మాయిని ఆపి, "ఒక పిడికిట్లో ఎన్నున్నాయో చూసుకుని పిడికిళ్ళు లెక్కపెట్టమ్మా," అన్నారు. పిడికిట్లో ఐదు, నలభై మూడు పిడికిళ్ళు, రెండు వందల పదిహేను. ఇప్పటికీ నేను మా పిల్లలకి ఆ మాటే చెబుతాను.

ఈ లెక్కలో పిల్లలందరూ ఒకే తప్పు చేస్తారు. ఆరుని బయటికి తీసి, బ్రాకెట్లో ఏడు కూడిక ముప్ఫై అని రాసేస్తారు. మొదటి సంఖ్యని భాగించి రెండోదాన్ని మర్చిపోతారు. ఆ తప్పు కనిపిస్తే ఆవిడకి నిజంగా కోపం వచ్చేది. "ఉమ్మడిది బయటికి తీస్తే లోపల ఇద్దరి దగ్గరా తియ్యాలి. ఒకళ్ళని తాకి ఒకళ్ళని వదిలేస్తే అది లెక్క కాదు, పక్షపాతం," అనేవారు. ఆ మాట నేను నోట్సు అట్ట మీద రాసుకున్నాను.

ఆ ఏడాదే బాపట్లలో ఉపాధ్యాయుల సమావేశం జరిగింది. కొత్త పద్ధతులు చూపించేవాళ్ళని రమ్మన్నారు. టీచర్ గారు నన్ను వెంట తీసుకెళ్ళారు. నా జడలు ఆవిడే వేశారు, కిటికీ పక్క సీటు నాకిచ్చారు. దారి పొడుగునా నా నుంచి వరసలు పేర్చడం మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. స్టేజీ మీద నేను చింతగింజలు పేర్చాను, ఆవిడ వివరించారు. మిగిలిందే కొలత అన్నారు, అచ్చం నాయనమ్మ అన్నట్టే. హాలంతా చప్పట్లు. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఒకాయన లేచి, ఇంత చక్కటి ఆలోచన మీకెలా వచ్చిందండీ అని అడిగారు.

నేను తలెత్తి ఆవిడ వైపు చూశాను. ఇప్పుడు చెబుతారు నాయనమ్మ పేరు అనుకున్నాను. ఆవిడ నా తల మీద చెయ్యేశారు.

"ఒక ఆదివారం చేపలు కొంటుంటే తట్టిందండి," అన్నారు.

ఆ చెయ్యి నా తల మీద అలాగే ఉంది. నా గుప్పిట్లో చింతగింజలున్నాయి. మళ్ళీ చప్పట్లు కొట్టారు. నాకు ఆ క్షణం కోపం రాలేదు. మర్చిపోయారేమో, గుర్తొచ్చాక చెబుతారులే అనుకున్నాను. తిరుగు బస్సులో రేపల్లె వచ్చేదాకా చూశాను, నోటెంట ఆ మాటే రాలేదు. ఆవిడ నా వైపు చూడలేదు కూడా. అప్పటికి గాని నాకు తెలియలేదు, మర్చిపోలేదని.

శనివారం ఇంటికి వెళ్తే నాయనమ్మ గుమ్మంలోనే ఉంది. "టీచరమ్మ మన పేరు చెప్పిందా పిల్లా?" అని అడిగింది. ఆ మొహం చూస్తూ లేదని ఎలా చెప్పను? చెప్పారు నాయనమ్మా, మైకులో చెప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు అన్నాను. ఎన్ని చప్పట్లని అడిగింది. చాలా అన్నాను. ఆమె పోయేదాకా ఆ అబద్ధం నేను ఎన్నిసార్లు చెప్పానో. ఇంటికి వెళ్ళినప్పుడల్లా కొత్త వివరం ఒకటి కలిపేదాన్ని, పుస్తకంలో పడిందనీ, పక్క ఊరి బళ్ళలో కూడా చెప్తున్నారనీ. ఆ ఆఖరి రెండు మాటలూ నిజమే. పేరు ఒక్కటే ఆమెది కాదు.

ఉపాధ్యాయుల చేతిపుస్తకంలో అది పోగుల పద్ధతి అని అచ్చయింది, టీచర్ గారి ఫొటోతో. ఉత్తమ ఉపాధ్యాయురాలని సన్మానం చేశారు. శాలువా కప్పుకుని క్లాసుకొచ్చిన రోజు మేం పూలిచ్చాం. నేనూ ఇచ్చాను.

ఇంతలా చెప్పాను గదా, ఆవిడ నాకు చేసిన మేలు కూడా వినండి. పదో తరగతి అయ్యాక మా నాన్న చదువు మాన్పిస్తానన్నాడు. ఆవిడ మళ్ళీ బస్సెక్కి మా ఊరొచ్చారు. మా గుమ్మంలో కూర్చుని, మీరు ఒప్పుకునేదాకా నేను లేవనండి అన్నారు. మా నాన్న వలలు బాగుచేసుకుంటూ వినిపించుకోనట్టు ఉన్నాడు. ఆఖరి బస్సు టైమవుతున్నా ఆవిడ కదల్లేదు. నాన్న విసిగిపోయి సరేనండి, లేవండి అన్నాడు. నేనివాళ తెనాలిలో టీచరునయ్యానంటే ఆ గుమ్మంలో ఆవిడ కూర్చోబట్టే. ఇదే నాకు ఎక్కువ బాధ. పూర్తిగా చెడ్డమనిషైతే తిట్టుకుని వదిలేసేదాన్ని. చదువు పెట్టిన చేతినే ఎలా తిట్టను?

కొన్నేళ్ళ క్రితం మా బడికి శిక్షణ ఇవ్వడానికి ఒకాయన వచ్చారు. రేపల్లెలో ఒక టీచర్ కనిపెట్టిన పోగుల పద్ధతి అంటూ నాకు మా నాయనమ్మ లెక్కనే నేర్పారు. వరసలు పేర్చడం తప్పుగా చూపించారు కూడా, మిగిలినదాంతో చిన్న వరసని కొలవకుండానే మొదట మిగిలిందే జవాబన్నారు. నేను లేచి సరిదిద్దాను. మీకు ముందే తెలుసాండీ అని మెచ్చుకున్నారు. ఒళ్ళు మండిపోయింది. ఆ ఆదివారమే రేపల్లె బస్సెక్కాను.

ఆవిడకి అప్పటికే చూపు తగ్గింది. గొంతు విని గుర్తుపట్టారు. కాఫీ ఇప్పించారు, మా బడి సంగతులు అడిగారు, పిల్లలు ఇప్పటికీ రెండో సంఖ్యని మర్చిపోతున్నారా అని నవ్వారు. నేను నవ్వలేదు. చివరికి అడిగేశాను, బాపట్లలో మా నాయనమ్మ పేరు ఎందుకు చెప్పలేదండీ అని.

ఆవిడ తడుముకోలేదు. ఆ ప్రశ్న కోసం ఎన్నేళ్ళ నుంచో సిద్ధంగా ఉన్నట్టే చెప్పారు.

"నా మాటే ఆ హాల్లో వినేవాళ్ళు కాదమ్మా అప్పట్లో. కూలోళ్ళ ఇంట్లోంచి వచ్చినదాన్ని. మళ్ళీ చేపలమ్మే ముసలమ్మ చెప్పిన లెక్కంటే నవ్వి పంపించేసేవాళ్ళు. నా పేరు పెట్టబట్టే పుస్తకంలోకెక్కింది."

"మీరొక్కసారి చెప్పి చూడాల్సిందండి," అన్నాను.

మీ నాయనమ్మకి తెలుసా అని అడిగారు ఆవిడ. తెలియదండి, మీరు చెప్పారనే చెప్పాను, ఆ సంతోషంతోనే పోయింది అన్నాను. ఆవిడ వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. మొహం తేటపడింది.

"మంచి పని చేశావమ్మా," అన్నారు.

ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. క్షమించమంటారేమో అనుకున్నాను. కనీసం బాధపడతారు అనుకున్నాను. ఆవిడ ఊపిరి పీల్చుకున్నారు. ఇన్నేళ్ళూ నాయనమ్మ మనసు కాపాడటానికి చెప్పాననుకున్న అబద్ధం, ఆవిడని కాపాడటానికే పనికొచ్చింది. కాఫీ గ్లాసు కిందపెట్టి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. అదే ఆఖరిసారి.

పోయిన వారం రేపల్లెలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పోగుల పద్ధతి గురించి మీరే మాట్లాడాలండి, ఆవిడ మొదటి శిష్యురాలు మీరే కదా అని ఆవిడ కూతురు ఫోన్ చేసి అడిగింది. తెనాలి నుంచి రైల్లో వెళ్తూ దారంతా మనసులో మాటలు పేర్చుకున్నాను. చెప్పకపోతే నాయనమ్మకి ఇక ఎవరూ లేరు. పేరు చెప్పలేదన్న సంగతి తెలిసిన ఇద్దరిలో ఒకరు పోయారు, మిగిలింది నేనే.

పాస్టర్ గారు పేరు పిలిచారు. ముందు వరసలో కూతురూ, మనవలూ కూర్చున్నారు. నేను మైకు దగ్గరికెళ్ళి, సుద్దముక్కలూ సబ్బుపెట్టే గుర్తుచేశాను, మా గుమ్మంలో కూర్చున్న సాయంత్రం చెప్పాను. అందరి కళ్ళూ చెమర్చాయి. అప్పుడు చెప్పాను.

"పోగుల లెక్క టీచర్ గారిది కాదండి. అడవులదీవిలో చేపలమ్మిన మా నాయనమ్మది. టీచర్ గారు ఆమె దగ్గర నేర్చుకున్నారు. పేరు చెప్తానని మాటిచ్చి చెప్పలేదు."

నాయనమ్మ పేరు ఇంటిపేరుతో సహా మైకులో చెప్పాను. ఎవరో ఒకరు లేచి అరుస్తారనుకున్నాను. ఎవరూ లేవలేదు. తలలు ఊపుతున్నారు. వెనక నుంచి ఒక పెద్దావిడ ఆమెన్ అంది. కూతురు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుని, ఎంత బాగా మాట్లాడారండీ అంది.

బయట షామియానా కింద టీ ఇస్తున్నారు. మా పాత హెడ్మాస్టరు గారు కుర్చీలో కూర్చుని ఏదో రాసుకుంటున్నారు. సంఘం పత్రికకి పంపాలమ్మా, చదివి చెప్పు అని కాగితం నా చేతికిచ్చారు. ముత్యాల్లాంటి అక్షరాలు. సేవలు, సన్మానాలు, అన్నీ ఉన్నాయి. కింద చివరి వాక్యం ఇప్పుడే రాశారు, సిరా ఇంకా ఆరలేదు. పోగుల పద్ధతి ద్వారా అడవులదీవిలో చేపలమ్ముకునే నిరక్షరాస్యురాలైన ఒక వృద్ధురాలికి సైతం లెక్కలు నేర్పిన మహనీయురాలు అని ఉంది.

"అలా కాదండి, నేర్పింది మా నాయనమ్మండి," అన్నాను.

"అదే కదమ్మా నేనూ రాసింది," అన్నారు ఆయన, ఎంతో ప్రేమగా.

ఆయన పెన్ను తీసుకున్నాను. ఆ వాక్యం కొట్టేశాను. పైన జాగా చాల్లేదు, పక్కన మార్జిన్‌లో నిలువుగా నాయనమ్మ పేరు రాసి, ఆమె దగ్గర నేర్చుకున్నారు అని రాశాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని కాగితం తిప్పి చదివారు. నా మొహం వైపు చూశారు. నా చేతిలోంచి పెన్ను తీసుకుని మూతపెట్టి, కాగితం మార్జిన్ లోపలికి వచ్చేలా మడిచి, ఇంకో మడత మడిచి, తెల్లచొక్కా జేబులో పెట్టుకుని టీ కోసం లేచారు.